కాపీయింగ్ సెక్షన్ నోటీసు బోర్డు గారికి

మహారాజశ్రీ నోటీసు బోర్డు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. పాత ఉమ్మడి జిల్లా కోర్టు ఆవరణలో, రికార్డు రూంకు పోయే వరండా మలుపులో, వెలగని ట్యూబులైటు కింద, తాళం వేసిన అద్దాల తలుపు వెనుక తమరు క్షేమంగా ఉన్నారని నిన్న మధ్యాహ్నం కళ్లారా చూసి తెలుసుకున్నాను. కోర్టు రికార్డు నకలు కోసం పెట్టిన నా కాపీ అప్లికేషన్ మాత్రం క్షేమంగా లేదు. నకలు రుసుముకు ఇవ్వవలసిన స్టాంపులు గడువులోగా దాఖలు చేయనందున దానిని కొట్టివేసినట్టు సెక్షన్‌లో చెప్పారు. ఏ స్టాంపులు, ఎప్పుడు అడిగారు అంటే, "కాల్‌ఫర్ చేసి బోర్డు మీద పెట్టినం గద సార్, సూసుకోవాలె" అన్నారు. కాల్‌ఫర్ అంటే స్టాంపులు తెమ్మని కోరడమట. ఆ మాట అన్న ఉద్యోగి బల్ల మీద కట్టలు ఆయన తల కంటే ఎత్తున ఉన్నాయి కాబట్టి ఆయనతో వాదించడం ధర్మం కాదనిపించి, ఈ లేఖ నేరుగా తమరికే రాసుకుంటున్నాను.

నేను కోరింది రాజ్య రహస్యమేమీ కాదు. మా తాత, ఆయన అన్నదమ్ములు 1980లలో కోర్టుకెక్కి తెచ్చుకున్న పంపకాల డిక్రీ, అంతే. భూరికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చినా మా పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పు చెక్కుచెదరకుండా నిలిచే ఉంది. సరిచేయమని అడిగితే తహసీల్దారు కార్యాలయంలో డిక్రీ సర్టిఫైడ్ కాపీ తెమ్మన్నారు. కాపీ కోసం కోర్టుకు వస్తే ఓ.ఎస్. నంబరు, అంటే దావా నంబరు తెమ్మన్నారు. ఆ నంబరు ఎక్కడ ఉంటుందంటే డిక్రీ మొదటి పేజీలో ఉంటుందట.

ఇలాంటి చిన్న చిన్న వినోదాలకు నేను తమరిని బాధ్యులను చేయడం లేదు. 2022 జూన్ 2న తెలంగాణ రాష్ట్రంలో న్యాయ జిల్లాలు 33 అయినప్పుడు మా ఊరికి కొత్త జిల్లా కోర్టు దగ్గరైంది గాని, మా తాత దావా కట్ట పాత రికార్డు రూంలోనే ఉండిపోయింది. కొత్త కోర్టు వారు పాత కోర్టును చూపిస్తే, పాత కోర్టు వారు "మీ జిల్లా వేరైంది గద" అని నన్ను కాసేపు అనుమానంగా చూశారు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో వెతకవచ్చు గదా అన్న మా మేనల్లుడికి, ప్రతి కేసుకూ ఇచ్చే పదహారు అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు పుట్టక ముందే మా దావా ముగిసిపోయిందని, పక్షకారుల పేరుతో వెతుకుదామంటే మా తాత పేరును ఇంగ్లీషులో ఎన్ని విధాల రాయవచ్చో అన్ని విధాలా రాసి చూశానని చెప్పుకోవలసి వచ్చింది. సమాచార హక్కు దరఖాస్తు పెట్టమని ఇంకొక మిత్రుడు సలహా ఇచ్చాడు. గుజరాత్ హైకోర్టు వ్యవహారంలో సుప్రీంకోర్టు 2020లోనే ఆ తలుపు మూసి, కోర్టు కాగితాలు కావాలంటే కోర్టు నిబంధనల దారిలోనే రావాలని, దావాలో పక్షం కాని వారు ఎందుకు కావాలో చెప్పుకోవాలని తేల్చింది. నేను చెప్పుకున్నాను. మా తాతకు నేను మనవడినని, ఆయన భూమి విషయం నాకు అవసరమని అఫిడవిట్ మీద ప్రమాణం చేశాను. ఇవన్నీ భరించాను.

భరించలేనిది తమరిని.

తమరి ముందు నిలబడిన వారికి కనిపించే దృశ్యాన్ని ఒకసారి మనవి చేస్తాను, ఎందుకంటే తమరు ఆ వైపు నుంచి ఎప్పుడూ చూసి ఉండరు. పైన లోక్ అదాలత్ పోస్టరు, అది జరిగిపోయింది. దాని మీద సగం వరకు ఒక వేలం ప్రకటన. ఆ వేలమూ జరిగిపోయింది. దాని పక్కన క్యాంటీన్ టెండరు, దాని మీద మరొక క్యాంటీన్ టెండరు. ఈ రెండింటి అడుగున, ఒక మూల మాత్రం బయటికి కనిపించేటట్టుగా, స్టాంపులు కోరిన కాపీ అప్లికేషన్ల జాబితా. అందులో పేర్లు ఉండవు, ఊళ్లు ఉండవు, సి.ఏ. నంబర్లు, అంటే కాపీ అప్లికేషన్ల నంబర్లు మాత్రమే ఉంటాయి. ఒకటో ఏడో చెప్పలేని ఆ చేతిరాతను అద్దంలోంచి, చీకట్లోంచి, మెడ వంచి చదువుకోవాలి. తలుపు తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అటెండరుకు తెలుసు. అటెండరు ఎక్కడున్నాడో మాత్రం ఎవరికీ తెలియదు.

అయినా ఆ కాగితం అంటించిన క్షణం నుంచి నేను దానిని చదివినట్టే లెక్క. నేను రెండు బస్సులు మారి రావలసిన ఊళ్లో ఉన్నా, ఆ రోజు వరి కోత కోయిస్తున్నా, జ్వరంతో పడుకున్నా చదివినట్టే. కాపీ అప్లికేషన్ ఫారంలో నా పేరు కిందనే ఫోన్ నంబరు కోసం ఒక గడి పెట్టి, అది రాయకపోతే ఫారం వెనక్కి ఇస్తామని చెప్పి మరీ రాయించుకున్నారు. ఆ నంబరుకు ఇంతవరకు ఒక్క పలకరింపు కూడా రాలేదు. నాకు చెప్పవలసిన మాట తమరికి చెప్పారు, తమరు ఎవరికీ చెప్పలేదు. ఊళ్లో ఉన్న ఏ నోటీసు బోర్డుకైనా ఇది చిన్న నిర్లక్ష్యమే కావచ్చు. తమరి విషయంలో మాత్రం దీనికి చట్టబద్ధమైన ఫలితం ఉంది.

నా సంగతి అటుంచండి, నా డిక్రీకి తొందర లేదు, నలభై ఏళ్లు ఆగింది. అప్పీలుకు పోయేవారి గతి చూడండి. సర్టిఫైడ్ కాపీ వెనుక వేసే ముద్రలో దరఖాస్తు చేసిన తేదీ, స్టాంపులు కోరిన తేదీ, స్టాంపులు దాఖలైన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగా ఉంటాయి. హైకోర్టుకు కాక కింది అప్పీలు కోర్టుకు వెళ్లడానికి ఉన్న గడువు 30 రోజులే. కాపీ పొందడానికి అవసరమైన కాలాన్ని అందులోంచి మినహాయించాలని 1963 నాటి కాలపరిమితి చట్టం 12వ సెక్షన్ దయతో చెబుతోంది. అయితే స్టాంపులు కట్టడంలో కక్షిదారు చేసిన ఆలస్యం ఆ మినహాయింపు కిందికి రాదు. అంటే తమరి అద్దం వెనుక క్యాంటీన్ టెండరు కింద ఆ కాగితం పడి ఉన్న రోజులన్నీ, దానిని చూడలేకపోయిన రైతు ఖాతాలోకే వస్తాయి. తమరి ఖాతాలోకి ఏమీ రాదు.

ఈ-కోర్ట్స్ మూడో దశకు 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం రూ.7,210 కోట్లు మంజూరు చేసింది. అందులో రూ.2,038 కోట్లకు పైగా పాత రికార్డులను స్కాన్ చేయడానికే. చాలా సంతోషం. ఆ కోట్లలోంచి ఒక ట్యూబులైటు కొనమని అడగను, ఎందుకంటే దానికి మళ్లీ టెండరు పిలుస్తారు, ఆ టెండరు కాగితం మళ్లీ తమరి మీదే అంటిస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. కట్ట దొరికింది! ఓ.ఎస్. నంబరు లేకపోయినా, సంవత్సరం ఉజ్జాయింపుగా, ఊరి పేరు, సర్వే నంబరు చెబితే, రికార్డు రూంలోని అసిస్టెంటు పాత దావాల రిజిస్టర్లు దించి, దుమ్ముకు దగ్గుతూ, ముక్కుకు రుమాలు కట్టుకొని, పేజీ వెంట పేజీ తిప్పి మా తాత దావాను పట్టుకున్నాడు. చెదలు తినగా మిగిలిన కట్టల్లోంచి దానిని బయటికి లాగి, డిక్రీ చెక్కుచెదరలేదని నాకు చూపించి, నాకంటే ఎక్కువ సంతోషించాడు. ఈ దేశంలో ఎవరూ చేయలేరనుకున్న పనిని ఒక చిన్న ఉద్యోగి చేసి పెట్టాడు. ఆ తరువాత మిగిలింది కొన్ని రూపాయల స్టాంపులు, ఒక ఫోన్ కాల్. ఆ ఒక్క కాల్ చేయడం చేతగాక, అప్లికేషన్ కొట్టివేసి, ఆ కట్టను మళ్లీ రికార్డు రూంకు పంపించేశారు. మీకు సిగ్గుందా అని ఒక చెక్క పలకను అడగడం బాగుండదని తెలిసే అడుగుతున్నాను. ప్రభుత్వ దస్తావేజును చూసే హక్కున్న వారు అడిగితే రుసుము పుచ్చుకొని నకలు ఇవ్వాలని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన చట్టమూ చెబుతోంది. అడిగిన మనిషితో దాగుడుమూతలు ఆడమని రెండింటిలోనూ లేదు.

కొత్త అప్లికేషన్ నిన్ననే వేశాను. కొత్త అఫిడవిట్, కొత్త కోర్టు ఫీజు, కొత్త సి.ఏ. నంబరు. బయటికి వస్తుంటే వరండాలో ఒక వకీలు గుమస్తా గారు ఆపి, రోజూ సాయంత్రం తమరిని చదవడమే తన పనుల్లో ఒకటని, ఊళ్ల నుంచి వచ్చే కక్షిదారుల కోసం మనిషికింత అని తీసుకుంటానని చెప్పారు. అడిగినంతా ఇచ్చాను. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, నా నంబరు ఎక్కించుకొని, స్టాంపులు కాల్‌ఫర్ అయిన రోజునే వాట్సాప్‌లో మెసేజ్ పెడతానన్నారు.

ఇట్లు,
తమరి ఎదుట మెడ నొప్పి తెచ్చుకున్న
ఒక కాపీ అప్లికేషన్‌దారు