లా విద్యార్థిని జైలు గేటు దాకా పంపండి

బెయిల్ వచ్చిన మనిషి జైల్లోనే ఉండిపోవడం మన దేశంలో వింతేమీ కాదు. ఇద్దరు ష్యూరిటీలు, అంటే పూచీ పడేవాళ్లు, కావాలని కోర్టు అంటుంది, ఆ ఇద్దరూ దొరకరు, ఊళ్లోవాళ్లకి కోర్టు మెట్లెక్కాలంటే భయం, ఇంట్లోవాళ్లకి ఏ కాగితం ఎవరికివ్వాలో తెలియదు, అలా నెలలు గడిచిపోతాయి. ఇలాంటివాళ్ల కోసం సుప్రీంకోర్టు 2023 జనవరిలో స్పష్టంగానే చెప్పింది. బెయిల్ వచ్చాక ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి పేదలకి ఉచిత న్యాయ సాయం చూసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి తెలపాలి. నెలలోగా పూచీకత్తు పెట్టుకోలేకపోతే షరతులు సడలించడం గురించి కోర్టు తనంతట తానే ఆలోచించవచ్చు. మరి ఆ ఏడు రోజులు, ఆ నెల, ఒక్కొక్క ఖైదీకి విడివిడిగా ఎవరు లెక్కపెడుతున్నారు?

లా మూడో ఏడాది చదివే అమ్మాయి ఈ పని చేయగలదు. అరెస్టు ఎప్పుడు, ఏ సెక్షన్, దానికి గరిష్ఠ శిక్ష ఎంత, ఇప్పటికి లోపల ఎన్నాళ్లున్నాడు: నాలుగు గడుల పట్టిక చాలు. మామూలు దొంగతనం కేసే తీసుకోండి. గరిష్ఠ శిక్ష 3 ఏళ్లు. క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు అందులో మూడో వంతు, అంటే ఏడాది, విచారణ ఖైదీగా గడిపితే కోర్టు బాండు మీద వదిలిపెట్టాలి. మిగతావాళ్లకైతే సగం కాలం. (ఉరి, యావజ్జీవం పడే నేరాలకి, ఒకటికి మించి కేసులు ఉన్నవాళ్లకి ఇది వర్తించదు.) ఏడాది దాటి ఇంకో నాలుగు నెలలైనా లోపలే ఉన్న మనిషిని ఈ లెక్క పట్టిస్తుంది. 2022 లెక్కల ప్రకారం మన జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. పని లేదనడానికి ఎక్కడా ఆస్కారం లేదు.

ఇదేమీ కొత్త కోరిక కాదు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టమే లా కాలేజీల్లో పేదలకి న్యాయ సాయం చేసే క్లినిక్‌లు పెట్టించాలని చెప్పింది, లాయర్ల వృత్తినీ లా చదువునీ నియంత్రించే బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు ప్రతి కాలేజీకీ లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలన్నాయి. అయినా మేము చూసిన చాలా కాలేజీల్లో క్లినిక్ అంటే ఒక బోర్డు, తాళం వేసిన ఒక గది. న్యాయ సేవల దినమని నవంబర్ 9న ర్యాలీ, బ్యానర్, ఫొటో, తర్వాత మళ్లీ మరుసటి నవంబరే. పిల్లల్ని తప్పుపట్టడం లేదు. మార్కులు మూట్ కోర్టుకి, అంటే ఉత్తుత్తి కోర్టులో వాదనకి, వస్తాయి, ఉద్యోగం ఇంటర్న్‌షిప్‌తో వస్తుంది, జైలుకెళ్లి పట్టిక రాసినందుకు ఏమీ రాదు, మరి ఎందుకు వెళ్తారు? దానికి క్రెడిట్లు ఇవ్వండి, పరీక్ష పేపరుతో సమానంగా చూడండి, అప్పుడు చూద్దాం.

అధ్యాపకుల గురించి చెప్పాలంటే 1979 దగ్గరికి వెళ్లాలి. అంతకు కొన్నేళ్ల ముందు మహారాష్ట్రలో ఒక పోలీస్ స్టేషన్‌లో మధుర అనే ఆదివాసీ అమ్మాయిపై అత్యాచారం జరిగింది. ఆమె ఒంటిమీద గాయాలు లేవు, ప్రతిఘటించినట్టు కనిపించలేదు అనే తీరులో ఆలోచించి సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసుల్ని వదిలేసింది. అప్పుడు నలుగురు లా అధ్యాపకులు, ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. భయంతో లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు అని సూటిగా అడిగారు. అప్పట్లో దేశపు అత్యున్నత న్యాయస్థానాన్ని అలా నిలదీయడానికి ఎంత గుండె కావాలో ఊహించండి. తీర్పు మారలేదు. కానీ ఆ లేఖ మహిళా సంఘాల చేతికి చేరింది, వీధుల్లోకి వచ్చింది, 1983లో అత్యాచార చట్టమే మారింది. కస్టడీలో జరిగే అత్యాచారం కేసుల్లో ఆమె ఒప్పుకోలేదని చెబితే కోర్టు దాన్ని నమ్మి మొదలుపెట్టాలన్న నిబంధన అలా వచ్చింది.

ఈ రోజు అంత ధైర్యం ఉన్న అధ్యాపకుడు కూడా ఒక చోట ఆగిపోతాడు. పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి అడ్వకేటుగా ప్రాక్టీసు చేయకూడదని బార్ కౌన్సిల్ 49వ నిబంధన. క్లినిక్‌లో విద్యార్థి పట్టిక తయారుచేసినా, దరఖాస్తు రాసినా, దాన్ని కోర్టులో నిలబడి చెప్పే హక్కు వాళ్ల మాస్టారికి ఉండదు. అమెరికా రాష్ట్రాల్లో లాయరు పర్యవేక్షణలో విద్యార్థే పేదల తరఫున వాదించే ఏర్పాటు ఉంది. మేము అంత దూరం అడగడం లేదు, క్లినిక్ నడిపే అధ్యాపకులకి లీగల్ ఎయిడ్ కేసుల్లో మాత్రం కోర్టుకెళ్లే అనుమతి ఇవ్వమంటున్నాం. బార్ కౌన్సిల్ తలుచుకుంటే ఒక చిన్న సవరణ. లాయర్ల పొట్ట కొడుతుందని భయపడేవాళ్లకి ఒకటే మాట, ఈ కేసుల్లో ఫీజిచ్చే క్లయింటే లేడు.

కాలేజీ తలుచుకుంటే ఏం జరుగుతుందో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ చూపించింది. ఉరిశిక్ష పడ్డ 373 మందితో జైళ్లలో కూర్చుని మాట్లాడి 2016లో నివేదిక ఇచ్చారు, ఆ పనిలో విద్యార్థులూ ఉన్నారు. నూటికి 74 మంది ఆర్థికంగా చితికిపోయినవాళ్లే అని తేలింది. అదే బృందం సాయం చేసిన ఒక ఖైదీ కథ మమ్మల్ని ఇప్పటికీ వదలదు. పాత స్కూలు రికార్డు వెతికి తీస్తే, నేరం జరిగిన రోజుకి అతని వయసు పన్నెండున్నర ఏళ్లు. 2023లో సుప్రీంకోర్టు వదిలేసేసరికి 28 ఏళ్లు లోపలే గడిపాడు. ఎవరో ఒకరు ఆ రికార్డు ఇరవై ఏళ్ల ముందే వెతికి ఉంటే!

ఇక పూర్వ విద్యార్థులు. పెద్ద లా సంస్థల్లో చేరారని వాళ్లని నిందించం, ఇంటి అవసరాలు ఉంటాయి. కానీ షమ్నాద్ బషీర్ అనే ప్రొఫెసర్ 2010లో పేద పిల్లల్ని లా స్కూళ్లలో చేర్పించడానికి ఐడియా అనే సంస్థ మొదలుపెట్టినప్పుడు దాన్ని నిలబెట్టినవాళ్లలో విద్యార్థులు, యువ లాయర్లు ఎక్కువ. మన దగ్గర బాలగోపాల్ లెక్కల ప్రొఫెసర్‌గా ఉండి, ఆ తర్వాత లా చదివి, పేదల కోసం హైకోర్టులో నల్లకోటు వేసుకున్నారు. అందరూ అలా కాలేరు, అవసరం లేదు. నెలకి ఒక్క రోజు, తాము చదివిన కాలేజీ క్లినిక్‌లో ఒక సీనియర్ కూర్చుంటే విద్యార్థి రాసిన దరఖాస్తులో తప్పులు అక్కడే దొరికిపోతాయి.

ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టాలంటే కాలేజీ ప్రిన్సిపాల్ ఒక ఉత్తరం రాయాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి. బెయిల్ వచ్చీ ఇంకా లోపలే ఉన్నవాళ్ల జాబితా ఇవ్వండి, వారానికి ఇద్దరు విద్యార్థుల్ని, ఒక అధ్యాపకుణ్ణి పంపిస్తాం అని. కాలేజీ లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు సరిపోతాయి.