రోటోస్కోపింగ్ భారం తగ్గింది గాని పోలేదు

రోటోస్కోపింగ్ (వీడియోలోని మనిషి అంచును ఫ్రేము ఫ్రేముకూ గీసి వేరుచేయడం) గురించిన వ్యాసంలో, ఆ అంచును తనంతట తానే గుర్తించే రోటో బ్రష్ వంటి సాధనాలు వచ్చాక అంచులను చేత్తో గీయవలసిన అవసరం తీరిపోయిందని వ్యాసకర్త రాసిన మాటతో పూర్తిగా ఏకీభవించలేను. అమెరికన్ యానిమేటర్ మాక్స్ ఫ్లైషర్ 1915లో పేటెంటుకు దరఖాస్తు చేసిన నాటి నుంచి ఈ పద్ధతి ఎంతో మారింది. 2010లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే వీడియో ఎఫెక్టుల సాఫ్ట్‌వేరులో చేరిన రోటో బ్రష్ 2020 నాటి రెండో రూపంలో బాగా మెరుగుపడిన మాటా నిజమే. అయితే తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టిన మనిషిని జనంలోంచి వేరుచేయవలసి వచ్చినప్పుడు, చేతిలోని వేపమండల ఆకుల సందులు, చెదిరిన జుట్టు, వేగంగా ఊపడంతో మసకబారిన చెయ్యి ఆ సాధనాన్ని తికమక పెడతాయి. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 10 సెకన్ల షాటుకే 240 ఫ్రేములు చూసుకోవాలి. అటువంటప్పుడు తలకు, మొండేనికి, చేతులకు విడివిడిగా మాస్కులు (కావలసిన భాగాన్ని చుట్టే గీతలు) గీసి, కదలిక దిశ మారే చోట్ల ముందుగా కీఫ్రేములు (మాస్కు ఆకారాన్ని మనమే నిర్ణయించే ఫ్రేములు) పెట్టుకోవడం మేలు. ప్రతి ఫ్రేములోనూ పెడితే అంచు వణుకుతుంది.

ఇక సాఫ్ట్‌వేరులోని త్రీడీ కెమెరాకు వ్యాసంలో రెండు వాక్యాలే దక్కాయి (మా వైపు పెళ్లి వీడియోల ఎడిటర్లకు నిజానికి అదే ఎక్కువ అవసరం). కెమెరాను నల్ ఆబ్జెక్టుకు (తెరపై కనిపించని ఖాళీ లేయరుకు) పేరెంట్ చేసి, అంటే దాని వెంటే కదిలేలా కట్టి, జరపడాన్ని నల్‌తోనూ తిప్పడాన్ని కెమెరాతోనూ నడిపితే కదలిక అదుపులో ఉంటుంది. వేరుచేసిన మనిషి త్రీడీ లేయరులో పలచని రేకు వంటివాడే కాబట్టి, కెమెరాను పక్కకు ఎక్కువగా తిప్పితే గుట్టు బయటపడుతుంది. అతని వెనుక నేపథ్యాన్ని కూడా ముందే పూడ్చి ఉంచాలి. లేకుంటే కెమెరా జరగగానే అదే మనిషి రెండోసారి తొంగిచూస్తాడు.