యాలకుల బిల్డింగ్‌లో తాలింపు వేస్తే

లండన్‌లో టవర్ బ్రిడ్జి దాటి, థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున కాస్త తూర్పుకి నడిస్తే షాడ్ థేమ్స్ అనే ఇరుకు వీధి వస్తుంది. అక్కడ ఇళ్ల పేర్లు చదువుతుంటే కిరాణా కొట్టు చీటీ చదువుతున్నట్టే ఉంటుంది: సినమన్ వార్ఫ్, కార్డమమ్ (యాలకుల) బిల్డింగ్, క్లోవ్ బిల్డింగ్, వెనిలా అండ్ సెసమీ కోర్ట్. దాల్చినచెక్కలో పెంట్‌హౌస్, లవంగంలో డబుల్ బెడ్‌రూమ్. పసుపుకి ఎందుకు అన్యాయం చేశారో!

ఒకప్పుడు ఈ వీధంతా గోదాములే. వాటిలో పెద్దది బట్లర్స్ వార్ఫ్, విక్టోరియా రాణి కాలంలో, 1873లో పూర్తయింది. ఓడల్లో వచ్చిన టీ, మసాలా దినుసులు ఇక్కడ నిల్వ ఉండేవి. వీధికి అటూ ఇటూ ఉన్న గోదాముల మధ్య, మన తలల పైన, ఇనుప వంతెనలు వేసి వాటి మీదుగా పీపాలు దొర్లించేవారు. తర్వాత కంటైనర్ల కాలం వచ్చింది, ఆ పెద్ద ఓడలు నది దిగువన టిల్బరీలోనే ఆగిపోయాయి, 1972లో గోదాము మూతపడింది. ఖాళీ గదులు చవగ్గా దొరుకుతున్నాయని సినిమా దర్శకుడు డెరెక్ జార్మన్ లాంటి కళాకారులు చేరారు. డబ్బున్నవాళ్లకి పాత ఇటుకల మీద ప్రేమ పుట్టగానే కళాకారులు ఖాళీ చేశారు, డిజైనరూ వ్యాపారీ అయిన టెరెన్స్ కాన్రన్ గారు ఫ్లాట్లూ రెస్టారెంట్లూ దించారు. 1997లో అప్పటి బ్రిటన్ ప్రధాని బ్లెయిర్, అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దంపతులు ఇక్కడే భోంచేశారు కాబట్టి చరిత్ర సంపూర్ణం.

ఇక ఫ్లాటు చూపించే వైభవం ఊహించుకోండి. ఏజెంటు గొంతు తగ్గించి, "సార్, ఒక్కసారి ఆ గోడ వాసన చూడండి, వందేళ్ల మసాలా ఇంకా ఇటుకల్లోనే ఉంది" అంటాడు. సారు గోడకి ముక్కు ఆనించి కళ్లు మూసుకుని "జాజికాయ" అంటారు. అమ్మగారు పక్క గోడని పీల్చి "కాదండీ, లవంగం" అంటారు. ఆ గోడ పోయినేడు కట్టిందని ఏజెంటు చెప్పడు. ఆ సారే గృహప్రవేశమైన నెలకి, కింద అంతస్తులో అద్దెకున్న మన గుంటూరు ఐటీ కుర్రాడు ఆదివారం పూట పప్పులోకి ఎండుమిర్చి, వెల్లుల్లి, ఇంగువ వేసి తాలింపు పెడితే, పొగ అలారం కంటే ముందు లేచి మేనేజ్‌మెంటుకి మెయిల్ కొడతారు: భవనంలో ఘాటు వాసన వస్తోంది, వెంటనే చర్య తీసుకోగలరు. చిరునామా: కార్డమమ్ బిల్డింగ్.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ నాకు ఒళ్లు మండేది ఇక్కడే. బ్రోచర్‌లో పీపా ఉంటుంది, దాన్ని దొర్లించిన హమాలీ ఉండడు. లండన్ రేవు కూలీలు తెల్లవారుజామునే గేటు దగ్గర నిలబడి, మేస్త్రీ కళ్లలో పడటానికి ఒకరినొకరు తొక్కుకునేవారు. గంటకి ఐదు పెన్నీలు ఇచ్చేది ఆరు చెయ్యండి, పిలిస్తే కనీసం నాలుగు గంటల పనివ్వండి అని అడగడానికి 1889లో ఐదు వారాలు పస్తులుండి సమ్మె చేశారు. అయినా రోజుకూలీ పద్ధతి పూర్తిగా పోవడానికి 1967 దాకా పట్టింది, ఐదేళ్లకి ఆ బట్లర్స్ వార్ఫ్ గోదామే పోయింది. ఆ టీ పెట్టెకి అవతలి కొసన ఉన్నవాళ్ల సంగతి సరేసరి, మన విశాఖ, గంజాం వైపు నుంచి అస్సాం తోటలకి తోలుకుపోయిన కూలీల పేరు ఏ బిల్డింగుకి పెట్టారయ్యా? సిగ్గుండాలి. వాళ్ల చెమట మీద కట్టిన గోడని వాసన చూసి మిరియాలంటారా!

చరిత్ర అంత ఇష్టమైతే సరిగ్గానే అమ్మండి. ఫ్లాటు కొనేవాళ్లందరినీ చలికాలంలో తెల్లారకముందే గేటు బయట నిలబెట్టి, నాలుగు టోకెన్లు గాల్లోకి విసరండి. ఎవడి చేతికి చిక్కితే వాడు లోపలికి రావచ్చు, నాలుగు గంటలపాటు.