పిన్ని గోడు వినే థెరపీ కావాలి

మొన్న అమెరికాలో మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో మానసిక ఆరోగ్యం సెషన్‌ని భోజనాల వేళ పక్క గదిలో పెట్టారు. అది సర్దుకోవచ్చు. కానీ కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ లేచి, "రాత్రిళ్లు గుండె దడ, నిద్ర పట్టదు, ఎవరితో చెప్పుకోను?" అంటే, వక్త ఇంగ్లీషులో "పిల్లల్ని వదిలి మీ జీవితం మీరు చూసుకోండి" అని తర్వాతి స్లైడుకి వెళ్లిపోయారు. అది మాత్రం నాకు మింగుడుపడటం లేదు.

ఎందుకంటే మా పిన్నికీ ఇదే జరిగింది. బాబాయి పోయాక అమెరికాలో కూతురి దగ్గరికి వచ్చేసింది. ఒళ్లంతా మంటలు, తలపోటు. పరీక్షలన్నీ నార్మల్. డాక్టర్ చెబితే థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. మమ్మల్ని బయట కూర్చోబెట్టి, ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టారు. "మీరు ఏం కోరుకుంటున్నారు?" అన్నది మొదటి ప్రశ్న. "పిల్లలు చల్లగా ఉండాలి" అంది పిన్ని. అది కాదు, మీ కోసం ఏం కావాలి అని మళ్లీ మళ్లీ అడిగారట. ఆమె ఏడ్చేసింది. బాబాయి సంగతి గానీ, ఆ మంటల సంగతి గానీ ఎవరూ అడగనే లేదు. మళ్లీ వెళ్లనంది.

థెరపీ మనకి పనికిరాదని నేను అనను. పాకిస్తాన్‌లో రావల్పిండి జిల్లా పల్లెల్లో ఆతిఫ్ రెహమాన్ అనే పరిశోధకుడి బృందం సిబిటిని (ఆలోచనలని, అలవాట్లని మార్చుకోవడానికి సాయపడే మాటల చికిత్సని) అక్కడ డిప్రెషన్‌తో ఉన్న గర్భిణులకి తగ్గట్టు మార్చి, ఊళ్లో తిరిగే మహిళా ఆరోగ్య కార్యకర్తలకే నేర్పింది. వాళ్లు జబ్బు పేరు ఎత్తకుండా బిడ్డ ఆరోగ్యంతో మాట మొదలుపెట్టి, ఇంట్లోవాళ్లనీ కలుపుకున్నారు. 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. బిడ్డకి ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. అన్నిసార్లే ఇంటికి వచ్చినా ఈ శిక్షణ లేని కార్యకర్తలు చూసిన తల్లుల్లో అది 53 శాతం. మామూలు మనుషులకి శిక్షణ ఇచ్చిన గోవాలోని సంగాత్ సంస్థ, జింబాబ్వే రాజధాని హరారేలో బెంచీ మీద కూర్చుని కష్టాలు వినే బామ్మలు చూపించిందీ ఇలాంటిదే.

అలాగని ఇంటిల్లిపాదినీ గదిలో కూర్చోబెడితే సరిపోదు. అత్తగారి ముందు కోడలు ఏం చెబుతుంది? "నీకేం తక్కువైంది?" అన్న ఒక్క మాటతో ఎంతమంది నోళ్లు మూయించామో మనకి తెలుసు. పైగా తెలుగు థెరపిస్టు అంటే నలుగురికీ తెలిసిపోతుందన్న భయం ఒకటి. అందుకే ముందు ఒంటరిగా మాట్లాడాలి, మనిషి ఒప్పుకుంటేనే ఇంట్లోవాళ్లని పిలవాలి.

కార్యవర్గాన్ని వేడుకుంటున్నాను. తెలుగులో మాట్లాడే థెరపిస్టుల జాబితాని, ఎవరికి ఏ రాష్ట్రం లైసెన్స్ ఉందో రాసి, వెబ్‌సైట్‌లో పెట్టండి. వాళ్ల పర్యవేక్షణలో మన ఆడవాళ్లకి, రిటైరైన పెద్దలకి వినడంలో శిక్షణ ఇప్పించండి. విన్నది ఎవరికీ చెప్పబోమని వాళ్ల దగ్గర రాతపూర్వకంగా హామీ తీసుకోండి. ఈ ఏడాది బడ్జెట్ ఖరారు చేసేలోపే దీన్ని అజెండాలో చేర్చండి. మొదటి బ్యాచ్‌లో నా పేరు రాసుకోండి.