టీచర్లు తమ తరగతి గది వైపు చూడరాదు

హైదరాబాదులో ప్రభుత్వ టీచరును మించిన పరిశోధకుడు లేడన్న సంగతి మన విశ్వవిద్యాలయాలు ఇంకా గుర్తించినట్టు లేదు. మీ ఇంట్లో ఓటర్లు ఎందరో, వారిలో ఊరు వదిలిన వారెవరో, లోకం వదిలిన వారెవరో ఆయనకు తెలుసు. జాబితా పట్టుకుని బీఎల్‌వోగా, అంటే ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారిగా, మీ గుమ్మం ఎక్కింది ఆయనే. 2024 నవంబరులో రాష్ట్రం ఇంటింటి కుటుంబ సర్వే చేపట్టినప్పుడు ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూటకు కుదించి, టీచర్ల చేతికి 75 ప్రశ్నల పత్రం ఇచ్చి బస్తీల్లోకి పంపింది. కులం, చదువు, భూమి, అప్పు అన్నీ అడిగి రాసుకున్నారు. వాచ్‌మన్‌ను ఒప్పించి, లిఫ్టు పనిచేయని నాలుగంతస్తులు ఎక్కి, తలుపు సందులోంచి మాట్లాడే ఇంటి యజమాని చేత అప్పుల వివరం చెప్పించగలిగిన వ్యక్తికి పరిశోధన పద్ధతులు వేరే నేర్పాలా?

విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడరాదంటుంది. 2009లో చట్టం రాసినవారు మినహాయింపులు మూడే పెట్టారు. తక్కినవి మన ఊహాశక్తికి వదిలిపెట్టారు.

నగరం మొత్తాన్ని లెక్కపెట్టిన ఈ మహానుభావుడు ఇంతవరకు లెక్కపెట్టని గది ఒక్కటే ఉంది. అది ఆయన పాఠం చెప్పే గది. ఇప్పుడు కొందరు విద్యావేత్తలు ఆ గదిని కూడా చూడమంటున్నారు. తన బోధనను తానే పరిశీలించుకోవాలట, ఎక్కడ పిల్లలు ఆగిపోతున్నారో రాసుకోవాలట, పద్ధతి మార్చి చూడాలట, మళ్లీ రాసుకోవాలట. దీనికి చర్యాత్మక పరిశోధన అని పేరు. బాధ్యతగల పౌరుడిగా నేను ఈ ధోరణిని ఖండిస్తున్నాను.

దీని పుట్టుకలోనే క్రమశిక్షణారాహిత్యం ఉంది. హిట్లర్ అధికారంలోకి వచ్చిన 1933లో జర్మనీ విడిచి అమెరికా చేరిన కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, పుస్తకాలు తప్ప మరేమీ పుట్టించని పరిశోధన చాలదని, అది చర్యకు దారితీయాలని 1946లో రాశాడు. కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీకి చెందిన స్టీఫెన్ కోరీ ఆ ఆలోచనను బడిలోకి తెచ్చి 1953లో ఏకంగా పుస్తకమే వేశాడు. ఇంగ్లండులో లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో ఇంకా ముందుకు పోయి, టీచరు పరిశోధకుడు కాకుండా పాఠ్యప్రణాళిక బాగుపడదన్నాడు. మన నమూనా పత్రాలను చూసే భాగ్యం ముగ్గురికీ కలగలేదు కనుక క్షమించవచ్చు.

మన వ్యవస్థ మాత్రం ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి, నిషేధించకుండా తప్పనిసరి చేసింది. ఒక ఆలోచన పీచమణచడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత టీచర్ల శిక్షణకు జిల్లాల్లో వచ్చిన డైట్ సంస్థల బాధ్యతల్లో ఈ పరిశోధన ఉంది, బీఈడీ చదువులోనూ ఉంది. ఫలితంగా రికార్డు పుట్టింది. రికార్డు అంటే అట్ట మీద బంగారు అక్షరాలు, లోపల కృతజ్ఞతలు, ఆ తర్వాత 'ఐదో తరగతి విద్యార్థులు భాగహారంలో ఎదుర్కొనే ఇబ్బందులు - పరిష్కారాలు'. ముందు ఒక పరీక్ష, మధ్యలో పుల్లలతో, గింజలతో ఒక కృత్యం, చివర మరో పరీక్ష. చివరి పరీక్షలో పిల్లలందరూ మెరుగుపడతారు. మెరుగుపడని పిల్లలు ఏ రికార్డులోనూ ఇంతవరకు కనబడలేదు. వైద్యశాస్త్రానికి కూడా దక్కని విజయం ఇది.

ఈ రికార్డులకు మరణం లేదు. ఒక జిరాక్స్ దుకాణం నుంచి ఇంకో జిరాక్స్ దుకాణానికి, ఒక బ్యాచి నుంచి తర్వాతి బ్యాచికి వంశపారంపర్యంగా వస్తుంటాయి. భాగహారంలో ఇబ్బంది పడ్డ ఆ మొదటి పిల్లలు పెద్దవారై, ఉద్యోగాలు చేసి, పదవీ విరమణకు దగ్గరపడి ఉంటారు. రికార్డులో మాత్రం ఇంకా ఐదో తరగతిలోనే ఉండి, ఏటా గింజలు లెక్కపెట్టి, ఏటా మెరుగుపడుతున్నారు. ముఖచిత్రం మీద బడి పేరు మారుతుంది, లోపలి పేజీల్లో పాత బడి పేరు అక్కడక్కడ మిగిలిపోతుంది. సంతకం పెట్టేవారు అంత లోపలికి వెళ్లరు కనుక ఇబ్బంది లేదు.

జపానులో ఒక వింత ఆచారం ఉంది. కొందరు టీచర్లు కలిసి ఒక్క పాఠాన్ని తయారుచేసుకుంటారు. ఒకరు చెబుతుంటే మిగతావారు గదిలో నిలబడి పిల్లలను గమనిస్తారు, తర్వాత కూర్చుని ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో మాట్లాడుకుంటారు. ఎంత కాలహరణం! మన దగ్గర గదిలోకి వచ్చే అధికారి హాజరు పట్టిక చూస్తారు, మధ్యాహ్న భోజనం లెక్క చూస్తారు, గోడ మీది చార్టులు చూస్తారు, ఫొటో దిగుతారు. ఫొటోలో పిల్లలు కూడా పడతారు.

ఇంత పకడ్బందీగా ఉన్నా అక్కడక్కడ ప్రమాదాలు జరిగే అవకాశం లేకపోలేదు. ఉదాహరణకు బోరబండలో ఒక బడి ఉందనుకోండి. 2022-23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మాధ్యమం మొదలైనప్పుడు ద్విభాషా పుస్తకాలు వచ్చాయి, ఒక పేజీ ఇంగ్లిషు, ఎదుటి పేజీ తెలుగు. ఏ పేజీ చదువుతున్నారని ఎవరూ పిల్లలను అడగలేదు, అడిగితే పిల్లలు మనకు నచ్చే జవాబే చెబుతారు. అక్కడి టీచరమ్మ అడగడం మాని, సాయంత్రం పుస్తకాలు తెరిచి వేలి మరకలు చూశారనుకోండి. లెక్కల పుస్తకంలో మాటల లెక్కల దగ్గర తెలుగు పేజీ నల్లబడి ఉంది, ఎదుటి పేజీ పెళ్లిపత్రికంత శుభ్రంగా ఉంది. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లవాడి పుస్తకంలో మరకలు రెండు పేజీల్లోనూ అంకెల మీదే ఉన్నాయి. అక్షరాల మీద ఒక్కటీ లేదు. వాడికి రెండు భాషలూ పరాయివేనని, లెక్కను అంకెలు చూసి ఊహిస్తున్నాడని ఆమెకు అప్పుడు తెలిసింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆమె పిల్లలను జంటలుగా కూర్చోబెట్టారు. ఒకరు లెక్కను పైకి చదవాలి, రెండోవారు దాన్ని తన మాటల్లో, ఏ భాషలోనైనా సరే, చెప్పాకే పెన్సిలు పట్టాలి. కొన్ని వారాల తర్వాత మళ్లీ పుస్తకాలు తెరిచారు. కొన్ని జంటల్లో మార్పు కనబడింది. ఒడియా పిల్లవాడి జంటలో కనబడలేదు. ఆమె నోటుపుస్తకంలో 'పనిచేయలేదు' అని రాసుకున్నారు. ఈ మాటకు మన నమూనా పత్రంలో గడి లేదు. పైగా పాఠం జరగని రోజులకు ఎదురుగా కారణాలు కూడా రాసుకున్నారు: శిక్షణ, సర్వే, ఓటర్ల జాబితా, మళ్లీ శిక్షణ. పిల్లవాడి సమస్యను వెతుకుతూ బయలుదేరిన నోటుపుస్తకం కార్యాలయం మెట్లెక్కిందన్నమాట. పక్క గది టీచరు దాన్ని అడిగి తీసుకుని తన పిల్లల పుస్తకాలు తెరవడంతో విషయం చేయి దాటింది.

ఇందులో నిధులు లేవు, టెండరు లేదు, ప్రారంభోత్సవం లేదు, నలభై రూపాయల నోటుపుస్తకం తప్ప ఖర్చు లేదు. ఆపుదామంటే ఏ పద్దు కింద ఆపాలో కూడా తెలియదు. ఒక కమిటీ వేసి ఉంటే వెంటనే అర్థమయ్యేది, అసలు సమస్య వేలి మరకలేనని. వచ్చే ఏడాది నుంచి ప్రతి పేజీకీ ప్లాస్టిక్ పూత వేయించాలని, పుస్తకాలు తళతళలాడుతున్నాయా లేదా అన్నది టీచర్లే ప్రతి శనివారం యాప్‌లో నమోదు చేయాలని నా సిఫారసు.