పేరొస్తుందట, డబ్బెందుకట!

"చిన్న బొమ్మే కదా, గీసివ్వు. నీకూ పేరొస్తుంది." ఈ నెలలో ఈ మాట వినడం నాలుగోసారి. పేరుతో కరెంటు బిల్లు కట్టొచ్చా? ప్లంబర్‌ని పిలిచి "పైపు బిగించు, నీ గురించి నలుగురికీ చెప్తా" అనండి చూద్దాం, ఏమంటాడో!

పైగా నీతులు. కళని డబ్బుతో కొలవకూడదట. కొలవద్దు మహాప్రభో, ఇవ్వాల్సింది ఇవ్వండి చాలు. రేటు చెప్పగానే "ఐదు నిమిషాల పనికి ఇంతా?" అంటారు. ఆ ఐదు నిమిషాల వెనక పదిహేనేళ్లున్నాయని ఎవరికి చెప్పుకోను?

ఇంకో ఓదార్పు ఉంది: "నువ్వు పోయినా నీ బొమ్మలు మిగులుతాయి." ఇది దీవెనా, శాపమా? డచ్ చిత్రకారుడు వాన్ గో రంగులు కొనడానికి కూడా తమ్ముడు పంపే డబ్బు మీదే ఆధారపడ్డాడు. 1890లో, 37 ఏళ్లకే పోయాడు. సరిగ్గా వందేళ్లకి, 1990లో, ఆయన గీసిన డాక్టర్ గాషే చిత్రం వేలంలో 8.25 కోట్ల డాలర్లు పలికింది. ఆయనకేం ఒరిగింది?

చట్టమూ అంతే. దేశాల మధ్య ఉన్న బెర్న్ ఒప్పందం ప్రకారం కాపీరైట్ సాధారణంగా సృష్టికర్త పోయాక కూడా కనీసం 50 ఏళ్లు ఉంటుంది. పోయాక ఎంత భద్రతో! బతికుండగా మాత్రం "పేమెంట్ సంగతి వచ్చే వారం చూద్దాం". ఏ వారం? ఏ సంవత్సరంలో?

అన్నట్టు, పేరొస్తుందన్న ఆ పెద్దమనిషి బొమ్మ కింద నా సంతకం కత్తిరించి మరీ వాడుకున్నాడు.