జలపుష్పానికి రాయితీ వర్తించదు

2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో కిసాన్ రైలు మాట విని చప్పట్లు కొట్టిన అమాయకుల్లో నేనూ ఒకణ్ణి. పాలు, మాంసం, చేపలు చల్లగా రైలెక్కుతాయన్నారు. ఆగస్టులో మహారాష్ట్రలోని దేవ్‌లాలీ నుంచి బీహార్‌లోని దానాపూర్‌కి మొదటి బండి కదిలింది. కిరాయిలో 50 శాతం రాయితీ కూడా ఇచ్చారు. పళ్లకీ, కూరగాయలకీ.

తప్పు మనదే. చేప చెట్టుకి కాయదు కదా.

అయినా ఒక దారి లేకపోలేదు. చేపని జలపుష్పం అంటాం. పువ్వన్నాక ఎప్పటికైనా పిందె వేస్తుంది, పండవుతుంది. కాబట్టి నిజాంపట్నం చేపల రేవు నుంచి వంజరం ఒకటి ఐసుపెట్టెలోంచి లేచి అర్జీ పట్టుకెళ్లింది అనుకోండి. "అయ్యా, నేను పుష్పాన్ని." గుమాస్తా కళ్లజోడు సర్దుకుంటాడు. "తొడిమేదీ?" తోక చూపిస్తుంది. "విత్తనం?" కడుపులో గుడ్లున్నాయంటుంది. "అయితే ఉద్యానశాఖ ధ్రువపత్రం, మూడు నకళ్లు, గెజిటెడ్ సంతకం." అవన్నీ తెచ్చేసరికి మొప్పల ఎరుపు పోయి మట్టిరంగు తిరుగుతుంది. గుమాస్తా ముక్కు మూసుకుని, "కుళ్లిన పళ్లకి రాయితీ లేదమ్మా" అంటాడు.

పోనీ, రాయితీ వచ్చిందే అనుకుందాం. ఎక్కేదెక్కడ? తెనాలి నుంచి వచ్చే పట్టాలు రేపల్లెలోనే ఆగిపోతాయి. నిజాంపట్నం రేవు ఇంకా కిందికి, సముద్రం దగ్గర. కొత్త లైను కావాలంటే పెట్టుబడి మీద 14 శాతం రాబడి చూపించమనేది రైల్వే పాత సూత్రం. బొగ్గు చూపిస్తుంది, ఇనుప ఖనిజం చూపిస్తుంది. అందుకే విశాఖలో వాటి బండ్లు పోర్టు లోపలికే వెళ్తాయి. బొగ్గుకి తొందరెక్కువ మరి. రెండు రోజులు ఎండలో ఉంటే పాడైపోతుంది పాపం.

చేపలకి ఏమీ ఇవ్వలేదంటే కళ్లు పోతాయి. అదే 2020లో 20,050 కోట్ల మత్స్య సంపద పథకం ప్రకటించారు. ఐసుపెట్టె బిగించిన సైకిలుకి అందులో సాయం పెట్టారు. ఉల్లిపాయకి రైలు, చేపకి సైకిలు.

ఆ సైకిలు కూడా లేని ఆడవాళ్ల సంగతో? తెల్లారకుండానే గంప అడుగున రెండు మడతల ప్లాస్టిక్ పట్టా పరుచుకుని రోడ్డు మీద నిలబడతారు. అయినా ఎక్కడో చిల్లుండి, నీసు నీళ్లు బస్సు మెట్టు మీద చుక్కచుక్కగా పడతాయి. విజిల్. దిగు. వాసనట! మధ్యాహ్నం అదే చేప పులుసై విస్తట్లోకొస్తే రెండోసారి వడ్డించుకునే పెద్దమనుషులకి పొద్దున వాసనొచ్చిందట! గంప నెత్తికెత్తుకుని ఎండలో నడిచిపోయే ఆవిడని ఆపి, నీ రాబడి ఎంత శాతమమ్మా అని అడగండి, ధైర్యముంటే. చెంగుతో మొహం తుడుచుకుని ఏమంటుందో నాకు తెలుసు. ఇక్కడ అచ్చు వెయ్యరు.